మోడలింగ్ పేపరు, టీ గ్లాసు, ముగ్గు చుక్కలు: నా అనుభవం

సెప్టెంబరు చివరలో మొదటి ఇంటర్నల్ పేపర్లు దిద్ది ఇచ్చారు. కంప్యూటర్ మోడలింగ్‌లో నాకు 30కి 7 వచ్చాయి. ఎమ్మెస్సీ అప్లయిడ్ మ్యాథమెటిక్స్ మూడో సెమిస్టర్ అది. అంతకు ముందు రెండు సెమిస్టర్లలో ఏ పేపర్లోనూ అంత తక్కువ రాలేదు. నాలుగో ప్రశ్న ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు: కాలాంతరం పెంచితే ఆయిలర్ పద్ధతిలో జవాబు ఎందుకు అదుపు తప్పుతుందో ఉదాహరణతో వివరించండి. నేను సూత్రం రాశాను. ల్యాబ్ రికార్డులో ఉన్న ప్రోగ్రామును గుర్తున్నంత మేరకు దించేశాను. మేడమ్ దాని పక్కన ఎర్ర సిరాతో "ఎందుకు?" అని ఒక్క మాట రాసి సున్నా వేశారు.

ఆ రాత్రి హాస్టల్ గదిలో ఆ పేపరు ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ప్రోగ్రాము నేనే టైపు చేశాను, నేనే నడిపాను, గ్రాఫు కూడా వచ్చింది. ఆ గ్రాఫు అలాగే ఎందుకు వచ్చిందో మాత్రం నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆ ఎర్ర సిరా చూసేదాకా నా దృష్టికి రాలేదు.

ఈ పేపరు తీసుకోబోయే జూనియర్లు, ముఖ్యంగా నాలాగా తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లు, క్లాసు నోట్సు కాకుండా ఇంకేం చదవాలని అడుగుతుంటారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను డిగ్రీ చదివింది ప్రభుత్వ కళాశాలలో. లెక్కలు, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. కంప్యూటర్ మీద పట్టుమని పది గంటలు కూర్చున్నది ఎమ్మెస్సీలోకి వచ్చాకే. మా క్లాసులో సగం మంది డిగ్రీలో కంప్యూటర్ సైన్సు చదివినవాళ్లు. ల్యాబ్‌లో వాళ్ల వేళ్లు కీబోర్డు మీద పరుగెడుతుంటే నేను పక్కవాళ్ల తెర చూసి టైపు చేసుకునేదాన్ని. పేపర్లో ఐదు యూనిట్లు: అవకలన సమీకరణాలకు సంఖ్యాత్మక పద్ధతులు, గడులుగా విడగొట్టి వేడి ప్రసారం లెక్కించడం, మాంటీ కార్లో (యాదృచ్ఛిక సంఖ్యలతో లెక్కగట్టే పద్ధతి), జనాభా–అంటువ్యాధుల నమూనాలు, చివరగా నమూనా సరైనదో కాదో పరీక్షించడం. సెమిస్టర్ మొదటి రోజునే మేడమ్ ఒక జిరాక్సు కాగితం పంచారు. పైన "అదనపు అధ్యయన సామగ్రి" అని ఉంది. రెండు వైపులా కలిపి 31 అంశాలు. దాన్ని నాలుగు మడతలు పెట్టి రికార్డు అట్టలో దాచాను. మళ్లీ తీయలేదు.

7 మార్కులు వచ్చాక ఒక్కసారిగా తీశాను. అప్పుడు నేను చేసిన పని తరువాత చాలామంది జూనియర్లు చేయడం చూశాను కాబట్టి చెబుతున్నాను. పోగుచేయడం మొదలుపెట్టాను. ఒక స్నేహితురాలి దగ్గర 32 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని నిండా వీడియోలు నింపుకున్నాను. సీనియర్ల నోట్సు మూడు సెట్లు జిరాక్సు తీయించాను. మూడు వేర్వేరు పాఠ్యక్రమాలు ఒకేసారి చూడసాగాను, అదీ ఒకటిన్నర రెట్ల వేగంతో. రాత్రి పన్నెండు దాకా చూసి, ఎంతో చదివేశానన్న తృప్తితో పడుకునేదాన్ని. రెండు వారాల తరువాత అదే నాలుగో ప్రశ్నను తెల్ల కాగితం మీద రాసుకుని జవాబు రాయబోతే, మళ్లీ సూత్రం దగ్గరే ఆగిపోయాను. ఆ పూట ఏడ్చాను.

మా విభాగంలో పరిశోధన చేస్తున్న ఒక అక్క అప్పటికి థీసిస్ రాస్తోంది. ఆమె దగ్గరికి వెళ్లి పెన్‌డ్రైవ్, జిరాక్సులు, మేడమ్ ఇచ్చిన కాగితం అన్నీ బల్ల మీద పెట్టాను. అక్క పెన్‌డ్రైవ్ ముట్టుకోలేదు. కాగితం మాత్రం తీసుకుని పెన్సిల్‌తో ఆరు అంశాలకు గుర్తు పెట్టింది. "ఇవి చాలు. మిగతావి పరీక్షలయ్యాక చూసుకో" అంది. తరువాత హఠాత్తుగా, "మెస్సులో టీ ఎంత వేడిగా పోస్తారు?" అని అడిగింది.

"తెలియదక్కా. నాలుక కాలేంత."

"82 డిగ్రీలు అనుకుందాం. గదిలో 30. టీకీ గదికీ ఎంత తేడా ఉందో అందులో నిమిషానికి 0.06 వంతు చొప్పున చల్లారుతుంది అనుకో. ఐదు నిమిషాల తరువాత ఎంతుంటుంది? కంప్యూటర్ వద్దు. కాగితం, కాలిక్యులేటర్."

తేడా 52. నిమిషానికి 0.06 వంతు అంటే 3.12 డిగ్రీలు. ఐదు నిమిషాలకు 15.6. కాబట్టి 66.4 డిగ్రీలు. చూపించాను. "ఇదే ఆయిలర్ పద్ధతి, 1768లో ఆయన పుస్తకంలో ఉన్నది ఇదే" అంది అక్క. "కానీ నువ్వు ఐదు నిమిషాల పాటూ టీ ఒకే వేగంతో చల్లారిందని అనుకున్నావు. నిజానికి చల్లారేకొద్దీ వేగం తగ్గుతుంది. ఇప్పుడు ఒక్కో నిమిషం చొప్పున ఐదుసార్లు చెయ్యి." చేశాను. 68.16 వచ్చింది. ఘాతీయ ప్రమేయంతో వచ్చే కచ్చితమైన జవాబు 68.52. అంటే ఐదు నిమిషాల అంగలో (ప్రశ్నలో అడిగిన కాలాంతరం అంటే ఈ అంగే) తప్పు రెండు డిగ్రీలు దాటింది, నిమిషం అంగలో అరడిగ్రీలోపే ఉంది.

"సరే, ఇప్పుడు నలభై నిమిషాల అంగ వెయ్యి."

0.06 ను 40 తో గుణిస్తే 2.4. తేడా 52 కాబట్టి తగ్గాల్సింది 124.8. ఎనభై రెండులోంచి అది తీసేస్తే మైనస్ 42.8. మెస్సు టీ మంచుగడ్డకన్నా చల్లగా అయిపోయింది. ఇంకో అంగ వేస్తే 131.9, మరిగే నీటికన్నా వేడి. ఇంకోటి వేస్తే మైనస్ 112 దాటింది. అక్కడ నా పెన్ను ఆగింది. ప్రతి అంగలో తేడాను మైనస్ 1.4 తో గుణిస్తున్నాను. గుర్తు మారుతూ, పరిమాణం పెరుగుతూ పోతుంది. ఆ గుణకం పరిమాణం ఒకటికన్నా చిన్నదిగా ఉండాలంటే అంగ 33 నిమిషాల 20 సెకన్లకు లోబడాలి. ఆ నాలుగో ప్రశ్న జవాబు పూర్తిగా ఇంతే. రెండు వారాల వీడియోల్లో ఈ మాట కనీసం మూడుసార్లు విని ఉంటాను. చెవిన పడింది కానీ చేతికి రాలేదు.

ఆ సాయంత్రమే రంగే–కుట్టా నాలుగో తరగతి పద్ధతి కూడా చేయించింది. అదే ఐదు నిమిషాల అంగ. ఒక్క అంగకు వాలును, అంటే చల్లారే వేగాన్ని, నాలుగుసార్లు లెక్కించి సగటు తీయాలి. విసుగ్గానే ఉంటుంది. చివరికి వచ్చిన జవాబు కచ్చితమైనదానికి డిగ్రీలో వెయ్యో వంతు తేడాలో నిలిచింది. 1895లో రంగే, 1901లో కుట్టా ఎందుకంత కష్టపడ్డారో ఆ ఒక్క అంకె చెప్పింది.

మర్నాడు భౌతికశాస్త్ర విభాగంలో అడిగి ఒక గాజు థర్మామీటరు తెచ్చుకున్నాను. లెక్కలో 82 అనుకున్నాం కదా, స్టీలు గ్లాసులో టీ పోసి 82 దగ్గరికి దిగగానే గడియారం చూడడం మొదలుపెట్టాను. ఐదు నిమిషాలకు 66, పదికి 56, పదిహేనుకు 49, ఇరవైకి 44. లెక్క ప్రకారం ఐదు నిమిషాలకు 68న్నర ఉండాలి. టీ నా లెక్కకన్నా తొందరగా చల్లారింది. అక్క 0.06 అనుకున్న చల్లారే గుణకాన్ని వెనక్కి లెక్కగడితే మొదటి ఐదు నిమిషాల్లో 0.07 దాటింది, చివరి ఐదు నిమిషాల్లో 0.06 దగ్గరికి వచ్చింది. స్థిరంగా ఉండాల్సింది మారుతోంది. ప్రోగ్రాములో తప్పుందేమోనని గంటసేపు వెతికాను. తప్పు ప్రోగ్రాములో లేదు. గ్లాసు పైనుంచి లేస్తున్న ఆవిరిలో ఉంది. వేడిగా ఉన్నప్పుడు ఆవిరి ఎక్కువ లేస్తుంది, దాంతోపాటు వేడినీ తీసుకుపోతుంది. నా సమీకరణంలో ఆవిరి ఊసే లేదు.

నోట్‌బుక్ అట్ట గుండ్రంగా కత్తిరించి, మధ్యలో థర్మామీటరు పట్టేంత చిల్లు పెట్టి, గ్లాసు మీద మూతగా పెట్టాను. మళ్లీ కొలిచాను. 82, 70న్నర, 61న్నర, 54న్నర, 49. గుణకం నాలుగు విడతల్లోనూ 0.05 చుట్టూనే ఉంది. హాస్టల్ కిటికీ దగ్గర కూర్చుని ఆ నాలుగు అంకెలు చూసుకున్నప్పుడు కలిగిన సంతోషం నాకు ఇంతవరకు ఏ పరీక్షలోనూ కలగలేదు.

ఇక ఆ ఆరు అంశాల సంగతి.

మొదటిది తెలుగు అకాడమీ డిగ్రీ లెక్కల పుస్తకం. అక్క దీనికి గుర్తు పెట్టడం నాకు ఆశ్చర్యమేసింది. ఎమ్మెస్సీకి వచ్చి మళ్లీ డిగ్రీ పుస్తకమా అనిపించింది. కానీ అవకలన సమీకరణం, సమాకలని, మాత్రిక, సంభావ్యత అన్న మాటలు నా మనసులో ఉన్నది ఆ పుస్తకం భాషలోనే. ఇంగ్లిష్‌లో చదువుతున్నప్పుడు నేను సగం బుద్ధిని వాక్యం అర్థం చేసుకోవడానికే ఖర్చు పెడుతున్నానని ఆ పుస్తకం మళ్లీ తెరిచాక తెలిసింది. ప్రతి యూనిట్‌కూ ముందు అరగంట ఇందులో సంబంధించిన అధ్యాయం చదివి, అప్పుడు ఇంగ్లిష్ పుస్తకానికి వెళ్లేదాన్ని. మాధ్యమం మారినవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: పాత పుస్తకాలు అమ్మేయవద్దు.

రెండోది ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్. ఒక్కో పాఠం పది నిమిషాల చుట్టూ ఉంటుంది. కొన్నిటికి తెలుగు ధ్వని కూడా ఉంది. తెరలో సగం పాఠం, సగం మన ప్రోగ్రాము పెట్టుకుని, వాళ్లు చేసింది చేసినట్టు పక్కనే చేయడం పద్ధతి. ల్యాబ్‌లో వాడే సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు కావాలి, ల్యాబ్ సాయంత్రం ఐదింటికి మూసేస్తారు. అందుకని నా పాత ల్యాప్‌టాప్‌లో ఉచితంగా దొరికే గ్నూ ఆక్టేవ్ వేసుకున్నాను. సంగీతంలోని స్థాయిని బట్టి ఆ పేరు పెట్టారేమో అనుకునేదాన్ని. నిజానికి దాన్ని రాసిన జాన్ ఈటన్ తనకు కెమికల్ ఇంజినీరింగ్ చెప్పిన ఆచార్యుడు ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరు పెట్టాడట. ఆయన చిటికెలో కాగితం మీద ఉజ్జాయింపు లెక్కలు వేయడంలో పేరు పొందినవాడని చదివాక, అక్క నాతో టీ లెక్క ఎందుకు చేయించిందో కూడా అర్థమైంది.

మూడోది ఎన్‌పీటెల్ పాఠాలు, ఐఐటీల ఆచార్యులు ఆన్‌లైన్‌లో చెప్పేవి. నేను వెళ్లేసరికి ఆ విడత పేరు నమోదు గడువు దాటిపోయింది. అయితే పాత పాఠాలు ఎప్పుడైనా ఉచితంగా చూసుకోవచ్చు. ఈసారి ఒకే ఒక పాఠ్యక్రమం, మామూలు వేగం. ఆచార్యుడు బోర్డు మీద ప్రశ్న వేయగానే వీడియో ఆపేసి ముందు నేను చేసేదాన్ని. యాభై నిమిషాల పాఠానికి రెండున్నర గంటలు పట్టేది. వారానికి రెండు పాఠాలే అయ్యేవి. వాటితోపాటు ఇచ్చే వారం వారం ప్రశ్నలు వీడియోలకన్నా ఎక్కువ పనికొచ్చాయి.

రెండో యూనిట్ నాకు ఎక్కువ ఇష్టం కావడానికి కారణం మా అమ్మ వేసే ముగ్గులు. ఒక చదరపు రేకు. పై అంచు 100 డిగ్రీల దగ్గర, మిగతా మూడు అంచులు సున్నా దగ్గర ఉంచారు. రేకు లోపల ఎక్కడ ఎంత వేడి ఉంటుంది? రేకు మీద చుక్కలు పెట్టుకోవాలి. ప్రతి చుక్క వేడి దాని నాలుగు పక్కల చుక్కల సగటు. అన్ని చుక్కలకూ ఇలా సగటు తీస్తూ, అంకెలు మారడం ఆగేదాకా మళ్లీ మళ్లీ తిరగాలి. ఐదు వరసలు, వరసకు ఐదు చుక్కలు. అంచుల్లో ఉన్నవి మారవు, లోపలి తొమ్మిదే మారతాయి. వాకిట్లో చుక్కలు పెట్టి గీతలు కలిపే చేతికి ఇది కొత్త కాదు.

ప్రోగ్రాము రాసే ముందే నడి చుక్క జవాబు తెలుసుకోవచ్చని ఎన్‌పీటెల్ ప్రశ్నల్లో ఒక సూచన ఉంది. ఆ రేకునే నాలుగు వైపులా తిప్పి నాలుగు జవాబులూ కలిపామనుకోండి. అప్పుడు నాలుగు అంచులూ 100 దగ్గర ఉన్నట్టే. రేకంతా 100 అవుతుంది. తిప్పినా నడి చుక్క కదలదు కాబట్టి ఒక్కో జవాబులో దాని వాటా 25. ఇది రాసుకుని ప్రోగ్రాము నడిపాను. నడి చుక్క దగ్గర 12.5 వచ్చింది.

జవాబు ముందే తెలియకపోతే ఆ 12.5 ను రికార్డులో రాసి గ్రాఫు అంటించేసేదాన్ని. తప్పు దొరకడానికి ఒక పూట పట్టింది. నేను ఎక్కడో దొరికిన పైథాన్ కోడ్ చూసి ఆక్టేవ్‌లో రాశాను. పైథాన్ వరసల్ని సున్నా నుంచి లెక్కపెడుతుంది, ఆక్టేవ్ ఒకటి నుంచి. పైగా పైథాన్‌లో 1 నుంచి 4 అంటే 4 లెక్కలోకి రాదు. నేను మొదలు ఒకటి పెంచాను, చివర మాత్రం ఒకటి తగ్గించి ఊరుకున్నాను. 2 నుంచి 4 అని రాయాల్సిన చోట 2 నుంచి 3 అయింది. ఒక అడ్డ వరస, ఒక నిలువు వరస లెక్కకు అందక సున్నాగానే ఉండిపోయాయి. ఆ ఒక్క అంకె దిద్దగానే నడిమధ్య 25, దాని పైన 52.68, కింద 9.82, రెండు పక్కలా 18.75. నాలుగూ కలిపితే సరిగ్గా 100. నాలుగో వంతు 25. మేడమ్ క్లాసులో చెప్పిన రెండు ప్రశ్నలు అప్పుడు విడివిడిగా కనిపించాయి. సమీకరణాన్ని సరిగా లెక్కించామా అన్నది ఒకటి, సరైన సమీకరణాన్నే లెక్కించామా అన్నది రెండోది. నడి చుక్క 25 మొదటిదానికి పరీక్ష. టీ గ్లాసు మూత రెండోదానికి.

దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు ల్యాప్‌టాప్ హాస్టల్లోనే వదిలేశాను. మూడో యూనిట్ మాంటీ కార్లో. 1946లో స్టానిస్లావ్ ఉలామ్ అనే గణితవేత్త జబ్బు నుంచి కోలుకుంటూ పేకముక్కలతో ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు ఆట గెలిచే అవకాశం ఎంతో లెక్కగట్టాలని చూశాడట. లెక్క తెగక, వందసార్లు ఆడి ఎన్నిసార్లు గెలిచామో చూస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు. ఆ ఊహ నుంచి పుట్టిన పద్ధతి ఇది. మా అరుగు మీద సుద్దముక్కతో చదరం గీసి, దాని అంచుల్ని తాకేలా లోపల వలయం గీశాను. అమ్మమ్మ దగ్గర చింతపిక్కలు వంద తీసుకుని విసరడం మొదలుపెట్టాను. చదరంలో పడిన వందలో వలయంలో ఎన్ని పడ్డాయో చూసి, నాలుగుతో గుణించి వందతో భాగిస్తే పై (π) విలువ రావాలి. 88 పడ్డాయి. అంటే 3.52. చాలా ఎక్కువ.

పక్కన కూర్చుని చూస్తున్న అమ్మమ్మ, "మధ్యకే గురి చూసి వేస్తున్నావు కదే, మరి బయట ఎలా పడతాయి?" అంది.

యాదృచ్ఛిక సంఖ్యలు చదరమంతా సమంగా పరుచుకోవాలన్న షరతు మీద పుస్తకంలో నాలుగు పేజీలు ఉన్నాయి. అమ్మమ్మ ఒక్క మాటలో చెప్పింది. తరువాత తమ్ముణ్ని కళ్లు మూసుకుని నాలుగు వైపుల నుంచీ వేయమన్నాను. చదరం బయట పడినవి వదిలేశాం. ఈసారి 81, తరువాత 76, తరువాత 80. మూడు వందలకు 3.16. వందసార్లు వేస్తే పొరపాటు 0.16 చుట్టూ ఉంటుందని, అది విసిరిన సంఖ్య వర్గమూలం చొప్పునే తగ్గుతుంది కాబట్టి దాన్ని పదో వంతుకు దించాలంటే వంద రెట్లు, అంటే పదివేలసార్లు వేయాలని సెలవుల తరువాత కంప్యూటర్ మీద చూశాను. పిక్కలు విసిరి భుజం నొప్పి పుట్టాక ఆ వర్గమూలం ఎంత కఠినమైనదో మరచిపోవడం సాధ్యం కాదు.

నాలుగోది నెట్‌లోగో. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో యూరి విలెన్‌స్కీ రూపొందించిన, జనాభా నమూనాల్లాంటివి తెర మీద నడిపి చూసే ఉచిత సాఫ్ట్‌వేర్. తోడేళ్లు, గొర్రెలు, గడ్డి తెర మీద తిరుగుతుంటాయి. బటన్లు జరుపుతూ గంటలు గడిపేయవచ్చు, నేనూ గడిపాను. అక్క ఒక నియమం పెట్టింది: బటన్ జరపకముందే ఏం జరుగుతుందో రాయాలి, తరువాత జరపాలి. గడ్డి తొందరగా పెరిగితే గొర్రెలు పెరుగుతాయని రాశాను. పెరిగాయి, వాటి వెనకే తోడేళ్లూ పెరిగాయి, కాసేపటికి రెండూ కూలిపోయాయి. నా ఊహ తప్పిన పేజీలే నా నోట్‌బుక్‌లో ఎక్కువ ఉపయోగపడ్డాయి.

ఐదోది అంటువ్యాధుల మీద 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ రాసిన పరిశోధన పత్రం. అసలు పత్రం చదవడం నాకు అదే మొదలు. సోకే అవకాశం ఉన్నవాళ్లు, రోగులు, కోలుకున్నవాళ్లు లేదా చనిపోయినవాళ్లు అని జనాన్ని మూడు గుంపులు చేసిన నమూనా అది. దాన్ని వాళ్లు పోల్చి చూసింది 1905 డిసెంబరు నుంచి 1906 జులై దాకా బొంబాయిలో ప్లేగుతో చనిపోయినవాళ్ల లెక్కలతో. మెకెండ్రిక్ ఈ దేశంలో వైద్య సేవలో పనిచేసినవాడు. ఆయనకు గణితం వైపు దారి చూపినవాడు రొనాల్డ్ రాస్. రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడని చిన్నప్పుడు చదువుకున్నాం. అదే రాస్ తరువాత మలేరియాకు గణిత నమూనా కట్టాడని, దోమల్ని చివరిదాకా చంపనక్కర్లేదు, వాటి సంఖ్య ఒక హద్దుకు దిగువన పడితే వ్యాధి తనంతట తానే సన్నగిల్లుతుందని చూపాడని మాకెవరూ చెప్పలేదు.

దీపావళి తరువాత వేరే పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న పాత భవనం ముందు ఐదు నిమిషాలు నిలబడి వచ్చాను. ఇక్కడ దోమల్ని కోసి చూసిన చేతులే ఆ సమీకరణాలూ రాశాయి. తిరుగు రైల్లో ఆ నమూనాను కాగితం మీద వేశాను. ఒక రోగి సగటున ఇద్దరికి అంటిస్తాడనుకుంటే, సోకే అవకాశం ఉన్నవాళ్లు సగానికి తగ్గినప్పటి నుంచి రోగుల సంఖ్య దిగడం మొదలవుతుంది. కానీ వ్యాధి అక్కడితో ఆగదు. వేగం మీద ఉన్న బండిలా ముందుకు పోయి, చివరికి దాదాపు 80 శాతం మందిని తాకుతుంది. 2020లో రోజూ టీవీలో చూసిన గ్రాఫులు అప్పుడు భయం మాత్రమే పెట్టాయి. ఆ రైల్లో వాటి ఆకారం అర్థమైంది.

ఆరోది వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ 1963 పత్రం. పూర్తిగా అర్థమైందని చెప్పను. దాని వెనక కథ మాత్రం నా ల్యాబ్ అలవాటు మార్చింది. 1961లో ఆయన వాతావరణ నమూనాను మధ్య నుంచి మళ్లీ నడిపేందుకు 0.506127 బదులు అచ్చు కాగితం మీదున్న 0.506 టైపు చేశాడు. కొంతసేపటికి రెండు వాతావరణాలకూ పొంతన లేకుండా పోయింది. అప్పటిదాకా నేను రికార్డులో మూడు దశాంశ స్థానాలకు కుదించి రాసుకుని, వాటినే మళ్లీ ప్రోగ్రాముకు ఇచ్చేదాన్ని. ఆ రోజు నుంచి మానేశాను.

పనికిరానివీ చెప్పాలి. జవాబులతో సహా వచ్చే గైడు మొదటి ఇంటర్నల్‌కు ముందు కొన్నాను. అందులో ప్రోగ్రాములున్నాయి, ఏ అంకె ఎందుకు వచ్చిందో ఒక్క చోటా లేదు. ఇంకొకరు రాసిన కోడ్ తెచ్చుకోవడం తప్పని నేననను, నేనూ తెచ్చుకున్నాను. జవాబు ముందే తెలిసిన ఒక చిన్న లెక్కతో దాన్ని పరీక్షించకుండా వాడితే మాత్రం ఆ 12.5 లాంటివి రికార్డు నిండా చేరతాయి.

రెండో ఇంటర్నల్‌లో 24 వచ్చాయి. వైవాలో బయటినుంచి వచ్చిన ఆచార్యుడు నా రికార్డులో టీ పట్టిక చూసి, "మూత పెట్టాలని ఎలా తట్టింది?" అని అడిగారు. పదిహేను నిమిషాలు ఆవిరి గురించే మాట్లాడుకున్నాం. మిగతా ప్రశ్నలు అడగకుండానే పంపించారు.

ఇప్పుడు చిల్లు పెట్టిన ఆ అట్ట మూత, చింతపిక్కల డబ్బా, పెన్సిల్ గుర్తులున్న జిరాక్సు కాగితం మా ల్యాబ్ అలమారలో ఉన్నాయి. కావలసినవాళ్లు తీసుకుంటున్నారు. నేను సమీకరణంలో ఆవిరికి ఒక పదం చేర్చే పనిలో ఉన్నాను. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆవిరి తక్కువ లేవాలి, మూత లేని గ్లాసు కూడా మూత పెట్టిన గ్లాసుకు కొంత దగ్గరగా ప్రవర్తించాలి. ఎండరోజు కొలతలు నాలుగు విడతలు తీశాను. వానరోజు గడి ఇంకా ఖాళీగా ఉంది. ఈసారి తుపాను హెచ్చరిక రాగానే వెళ్లి థర్మామీటరు అడిగి తెచ్చుకోవాలి.